నీళ్ల ఫిల్టరు లాగ్: ఇనుప మేకుల నుంచి స్టాప్‌వాచ్ దాకా

1వ వారం

కెటిల్ అడుగున తెల్లటి పొర కనపడటంతో మొదలైంది ఇదంతా. గోటితో గీకితే పెచ్చులుగా లేచింది. సరే, తాగే నీళ్లకి మంచి ఫిల్టరు పెట్టిద్దామనుకుని ముందుగా ఓ టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన ఉప్పులూ ఖనిజాలూ మొత్తం ఎంతో చూపేది) తెప్పించాను. కుళాయి నీళ్లలో ముంచితే 420 పీపీఎం, అంటే లీటరుకు 420 మిల్లీగ్రాములు, అంది.

ఆ అంకె చూసి కాసేపు టెన్షన్ పడ్డ మాట నిజం. తర్వాత తీరిగ్గా చదివితే తెలిసిందేమిటంటే, ఈ మీటరు నీళ్లలోంచి కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందో చూసి, దాన్నే పీపీఎం లెక్కలోకి మార్చి చూపిస్తుంది. కాల్షియమైనా వంట ఉప్పైనా దానికి ఒకటే. ఆర్సెనిక్, సీసం లాంటివి లీటరుకు పది మైక్రోగ్రాముల దగ్గరే ఆందోళన పడాల్సినవి. అంత కొంచెం ఉంటే మీటరు మీద అంకె కదలనే కదలదు. సూక్ష్మజీవుల సంగతి దానికి అసలే తెలియదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా టీడీఎస్‌కి ఆరోగ్యం పేరుతో హద్దేమీ పెట్టలేదు. రుచి విషయంలో మాత్రం 600 లోపు ఉంటే బాగుంటాయని, 1000 దాటితే తాగబుద్ధి కాదని చెబుతుంది.

ఇంతలో ఓ కంపెనీ సేల్స్‌మన్ ఇంటికొచ్చాడు. రెండు గ్లాసులు పెట్టాడు. ఒకదాంట్లో మా నీళ్లు, ఇంకోదాంట్లో వాళ్ల ఆర్వో నీళ్లు (సన్నటి పొరలోంచి వత్తిడితో పంపి, కరిగిన ఉప్పుల్ని చాలావరకు తీసేసినవి). రెండింట్లోనూ కడ్డీలు దించి స్విచ్ వేశాడు. నిమిషంలో మా గ్లాసు ఆకుపచ్చగా తిరిగి, తర్వాత మురికి గోధుమ రంగుకొచ్చి, పైన నురగ కట్టింది. ఆర్వో గ్లాసు మాత్రం అద్దంలా ఉంది. "రోజూ మీరు తాగుతున్నది ఇదేనండీ" అన్నాడు. అమ్మ ఆ పూట మంచినీళ్లు ముట్టుకోలేదు.

2వ వారం

ఆ గ్లాసు నన్ను నిద్రపోనివ్వలేదు. అంత చెత్త నిజంగా ఉంటే నీళ్లు మామూలుగా చూసినా కనపడాలి కదా!

9 వోల్టుల బ్యాటరీ, రెండు ఇనుప మేకులు, రెండు వైర్లు తీసుకుని నేనూ అదే చేశాను (గోడ కరెంటుతో మాత్రం ఎవరూ చేయొద్దు). తెలిసినవాళ్లింటి నుంచి ఆర్వో నీళ్లు ఓ సీసాడు తెచ్చాను. పది నిమిషాలు చూసినా వాటిలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. ఆ గ్లాసులోనే చిటికెడు ఉప్పు కలిపాను. చూస్తుండగానే ఒక మేకు చుట్టూ ఆకుపచ్చటి మబ్బు లేచింది. పావుగంటకి గ్లాసంతా గోధుమ రంగు. మేకు బయటికి తీసి తుడిస్తే, నీళ్లలో మునిగినంత మేరా గరుకుగా తినేసి ఉంది.

రంగు నీళ్లది కాదు, మేకుది. కరెంటు పారితే ఇనుము కరిగి తుప్పుగా మారుతుంది. ఉప్పులు లేని నీళ్లలో కరెంటు సరిగ్గా పారదు కాబట్టి ఆర్వో గ్లాసు తేటగా ఉండిపోతుంది. అమ్మని పిలిచి మళ్లీ మొదటి నుంచి చేసి చూపించాను. "మరి ఆ అబ్బాయికి తెలీదా ఇది?" అంది. ఏమో మరి.

3, 4 వారాలు

ల్యాబ్ పరీక్షకి ఇచ్చాను. సూక్ష్మజీవుల పరీక్షకి వాళ్లిచ్చిన స్టెరైల్ సీసాలోనే పట్టాలి. లోపల కొంచెం పొడి ఉంటుంది, అది క్లోరిన్‌ని విరిచేయడానికి, కడిగేయకూడదు. కుళాయి మూతిని స్పిరిట్‌తో తుడిచి, రెండు మూడు నిమిషాలు నీళ్లు వదిలేసి, అప్పుడు పట్టి, ఐసులో పెట్టి అదే రోజు ఇచ్చేశాను. రెండు శాంపిళ్లు: వీధి పైపు నుంచి ఇంట్లోకి వచ్చే చోట ఒకటి, మేడ మీది ట్యాంకు నుంచి వంటింట్లోకి దిగేది ఇంకొకటి.

అంకెలన్నీ లీటరుకు మిల్లీగ్రాముల్లో: కాఠిన్యం 210 (180 దాటితే చాలా కఠిన జలం కిందే లెక్క, కెటిల్ గుట్టు అదీ). నైట్రేట్ 18, ఫ్లోరైడ్ 0.5, ఆర్సెనిక్, సీసం హద్దులోపే. ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దులు నైట్రేట్‌కి లీటరుకు 50 మిల్లీగ్రాములు, ఫ్లోరైడ్‌కి 1.5. అంటే కరిగిన వాటితో నాకు పేచీ లేదు. పేచీ ఇంకోచోట ఉంది: వచ్చే నీళ్లలో కోలిఫామ్ (నీళ్లు కలుషితమయ్యాయని చెప్పే బ్యాక్టీరియా) లేదు, ట్యాంకు నీళ్లలో ఉంది. డీపీడీ మాత్రలతో (క్లోరిన్ ఉంటే నీళ్లని గులాబీ రంగుకి తిప్పేవి) క్లోరిన్ చూస్తే వచ్చే చోట 0.4, వంటింట్లో సున్నా. మూత సరిగ్గా పడని ట్యాంకులో ఎండకీ గాలికీ క్లోరిన్ పోతోంది, ఆ తర్వాత అడ్డేముంది?

ట్యాంకు దిగి కడిగాను. అడుగున వేలి మందం బురద. దాని గురించి ఇంతకంటే రాయను.

5వ వారం

ఇక ఎంపిక. ఫ్లోరైడో, నైట్రేటో, ఉప్పదనమో హద్దు దాటి ఉంటే కళ్లు మూసుకుని ఆర్వోయే పెట్టేవాణ్ని, వాటిని తీయడంలో అది నమ్మకంగా పనిచేస్తుంది. నాకా అవసరం లేదు. పైగా మా ట్యాంకు కుళాయికి ఆరు మీటర్ల ఎత్తున ఉంది. మీటరు ఎత్తుకు 1.42 పీఎస్‌ఐ (నీటి ఒత్తిడి కొలత) చొప్పున ఎనిమిదిన్నర. ఆర్వో పొరకి 40 నుంచి 60 కావాలి, అంటే పంపు పెట్టాలి, ఆపైన వదిలేసే నీళ్లు. యూఎఫ్ (అతి సన్నటి రంధ్రాల పొరతో వడకట్టేది) కూడా ఆలోచించాను. దాని రంధ్రాలు 0.01 మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దగ్గర ఉంటాయి, బ్యాక్టీరియాని ఆపుతుంది. కానీ వైరస్‌ల విషయంలో నాకు యూవీ (సూక్ష్మజీవుల్ని చంపే అతినీలలోహిత దీపం) మీదే గురి.

చివరికి కుదిరిన వరస: 5 మైక్రాన్ల సెడిమెంట్ (మట్టీ మడ్డీ ఆపేది), కార్బన్ బ్లాక్ (బొగ్గు ఫిల్టరు), ఆఖర్న యూవీ. ఈ వరస మారకూడదు. నీళ్లు మసకగా ఉంటే యూవీ కిరణాలు లోపలిదాకా పోవు. కార్బన్ క్లోరిన్‌ని తీసేస్తుంది కాబట్టి అందులో బ్యాక్టీరియా పెరిగే వీలుంది, అందుకే దీపం దాని తర్వాతే.

6వ వారం

బిగింపు. మొదటి హౌసింగ్ (కార్ట్రిడ్జ్ పెట్టే ప్లాస్టిక్ డబ్బా) పగిలింది, తప్పు నాదే. ప్లాస్టిక్ మరకి టెఫ్లాన్ టేపు ఎనిమిది చుట్లు చుట్టి స్పానర్‌తో తిప్పాను, టక్‌మంది. రెండోసారి మూడు చుట్లు, చేత్తో బిగించి ఆపైన పావు తిప్పు, సరిపోయింది. ఓ-రింగుకి (లీకు కాకుండా పెట్టే రబ్బరు చక్రానికి) సిలికాన్ గ్రీజు రాయండి. వేజిలిన్ రాయకండి, కొన్ని రకాల రబ్బరు దానికి ఉబ్బిపోతుంది.

కొత్త కార్బన్ నుంచి మొదట సిరా లాంటి నీళ్లొస్తాయి. బకెట్‌న్నర వదిలాక తేటపడ్డాయి. ఆ నీళ్లు యూవీ గొట్టంలోకి పోకుండా పైపు ముందే విడదీసి ఉంచాను, ఈ మాత్రం తెలివి ఉన్నందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

లీటరు సీసా, ఫోన్లో స్టాప్‌వాచ్. సీసా నిండటానికి ఫిల్టరు లేకుండా 6 సెకన్లు, అన్నీ పెట్టాక 48. నెమ్మదే గానీ కార్బన్‌కి, యూవీకి నీళ్లు నిదానంగా పోవడమే మేలు.

14వ వారం

ప్రతి ఆదివారం స్టాప్‌వాచ్ పెడుతున్నాను: 48, 48, 49, 51, 55, 58, 63, నిన్న 71. సెడిమెంట్ కార్ట్రిడ్జ్ తీసి చూస్తే బయటి వైపు టీ రంగు, కోస్తే లోపల ఇంకా తెలుపే. మార్చాను, 49కి దిగింది. కార్బన్ మూసుకుపోయే దాకా ఆగకూడదు, దాని శక్తి ముందే అయిపోతుంది. అందుకే నెలకోసారి, ట్యాంకు నీళ్లలో క్లోరిన్ ఉండదు కాబట్టి ఫిల్టరుని నేరుగా వీధి పైపుకి కలిపి, బయటికొచ్చే నీళ్లలో డీపీడీ మాత్ర వేస్తున్నాను. ఇప్పటిదాకా గులాబీ రంగు రాలేదు. యూవీ దీపం 24 గంటలూ వెలుగుతూనే ఉంది. దాని ఆయుష్షు 9000 గంటలు, అంటే ఏడాది. తర్వాత వెలుగు కనిపిస్తున్నా బలం తగ్గుతుంది కాబట్టి తేదీ దాని మీదే మార్కర్‌తో రాశాను. ఒక్కటే చికాకు, పొద్దున్న మొదటి గ్లాసు గోరువెచ్చగా వస్తుంది. దాన్ని మొక్కలకి పోస్తున్నాం.

రెండో ల్యాబ్ రిపోర్టు: కోలిఫామ్ లేదు.

మొన్న బాబాయ్ వచ్చి, బల్ల మీద మీటరు చూసి ఫిల్టరు నీళ్లలో ముంచాడు. 418. "ఏరా, ఇంత పని చేసి తగ్గింది రెండేనా?" అన్నాడు. డ్రాయరులోంచి మేకులు తీశాను.