చువాన్‌జౌలో నరసింహస్వామి కోసం రెండుసార్లు

మేము చైనాలోని షియామెన్ వచ్చి ఏడాదిన్నర దాటింది, ఇన్నాళ్ళలో పక్కనే ట్రైన్‌లో అరగంట దూరంలో ఉన్న చువాన్‌జౌకి ఒక్కసారి కూడా వెళ్ళలేదంటే నాకే సిగ్గేసింది. అందుకే మొన్న శనివారం పొద్దున్నే మా ఆయన్ని దుప్పట్లోంచి లాగి మరీ తీసుకెళ్ళాను. "వీకెండ్ కదే, పడుకోనీ" అంటే "అక్కడ బౌద్ధుల గుళ్ళో నరసింహస్వామి ఉన్నాడంటండీ" అన్నాను. అంతే, లేచి కూర్చున్నారు.

ఒకప్పుడు ఈ ఊరు మామూలు ఊరు కాదు. సాంగ్, యువాన్ రాజుల కాలంలో ప్రపంచంలోనే పెద్ద రేవుల్లో ఒకటి, మార్కో పోలో రాసిన జైతూన్ ఇదే. ఊరి చుట్టూ ముళ్ళుండి ఎర్రగా పూసే చెట్లు నాటారట, మనం బాడిద చెట్టు అంటామే అదే జాతి, దాన్ని చైనీస్‌లో త్సితోంగ్ అంటారు, అది కాస్తా అరబ్బుల నోట్లో జైతూన్ అయింది. అరబిక్‌లో ఆ మాటకి ఆలివ్ అని అర్థం, కానీ ఈ ఊళ్ళో ఆలివ్ చెట్టు ఒక్కటీ లేదని మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా అప్పుడే రాసిపెట్టాడు. యునెస్కో వాళ్ళు 2021లో ప్రపంచ వారసత్వ లిస్టులో పెట్టాక జనం బాగా పెరిగారు.

హోటల్ దగ్గర మొదలైంది మా తిప్పలు. బుకింగ్ ఉంది, డబ్బులు కట్టేశాం, కానీ కౌంటర్‌లో ఉన్న అమ్మాయికి ఫారిన్ పాస్‌పోర్ట్ సిస్టమ్‌లో ఎలా ఎక్కించాలో తెలీదు, పాపం ఆ పిల్ల ఎవరెవరికో ఫోన్లు చేస్తూ మా వీసా పేజీకి నాలుగైదు ఫోటోలు తీసి, మధ్యలో మాకు వేడినీళ్ళు ఇచ్చి (ఇక్కడ దేనికైనా మందు వేడినీళ్ళే), గంట తర్వాత తాళం ఇచ్చింది. దాంతో కాయ్‌యువాన్ గుడికి చేరేసరికి సాయంత్రం మూసేసే వేళకి దగ్గర పడింది.

గుడి 686లో కట్టారు. లోపలికి టికెట్ లేదు. అటొకటి ఇటొకటి రెండు రాతి గోపురాలు, ఐదేసి అంతస్తులు, ఎనిమిది పలకలు, తూర్పుది 48 మీటర్లు, పడమరది 44. పదమూడో శతాబ్దంలో కట్టిన రాతి గోపురాలు 1604లో వచ్చిన పెద్ద భూకంపానికి కూడా పడలేదు. పడమటి గోపురం నాలుగో అంతస్తులో కత్తి పట్టుకున్న కోతి బొమ్మ ఉంది, చైనా వాళ్ళ వానరరాజుకి పాత రూపం అదేనంటారు, మన హనుమంతుడికీ దానికీ చుట్టరికం ఉందని వాదించే పండితులు కూడా ఉన్నారు. నేను మెడ నొప్పెట్టేదాకా చూశాను. మా ఆయనేమో ఫోన్‌లో జూమ్ చేసి "ఇదిగో తోక" అన్నారు, నాకైతే కనపడలా.

ఇక అసలు సంగతి, ఏదో స్తంభం మీద చెక్కి ఉన్న నరసింహస్వామి. పెద్ద మండపం ముందు వరసలో ఉన్న స్తంభాలన్నీ తడిమి చూశాం. నరసింహుడూ లేడు, ఎవరూ లేరు. దీన్ని వంద స్తంభాల మండపం అంటారు, ఇక వెతుక్కోండి. లోపల పైన దూలాల దగ్గర రెక్కలున్న అప్సరసలు వాయిద్యాలూ అవీ పట్టుకుని 24 మంది ఉన్నారు, వాళ్ళని చూస్తూ ఉండగానే గార్డ్ వచ్చి చెయ్యి ఊపాడు, టైమ్ అయిపోయింది. నా మొహం చూసి మా ఆయన "పోనీలే, స్వామి మనల్ని చూసుంటాడు" అన్నారు. అప్పుడు నాకొచ్చిన కోపం ఇక్కడ రాయను.

సాయంత్రం పడమటి వీధిలో తిరిగాం. పాత ఎర్ర ఇటుక ఇళ్ళు, ఇసకేస్తే రాలని జనం, ఎటు చూసినా తల చుట్టూ రెండు మూడు వరసల పూలదండలు చుట్టుకున్న అమ్మాయిలు. ఇది ఊరి చివర షున్‌పు అనే జాలరుల పల్లె ఆడవాళ్ళ అలంకారం, ఇప్పుడు వీధికో షాపు పెట్టి టూరిస్టులకి చుట్టి ఫోటోలు తీస్తున్నారు. నేనూ పెట్టించుకున్నాను, ఎందుకు దాచడం. కొప్పు వేసి మధ్యలో పుల్ల గుచ్చి చుట్టూ పూలు చుడుతుంటే చిన్నప్పుడు పూలజడ వేయించుకుని కదలకుండా కూర్చున్న రోజు గుర్తొచ్చింది, మెడ అంతే పట్టేసింది.

అక్కణ్ణించి నడుస్తూ కన్ఫ్యూషియస్ గుడి వైపు వెళ్తే నాన్‌యిన్ పాట వినపడింది. ఈ ఊరి పాత సంగీతం అది. మామూలుగా చైనాలో పీపా అనే తీగల వాయిద్యాన్ని నిలబెట్టి వాయిస్తారు కదా, ఇక్కడ అడ్డంగా ఒళ్ళో పెట్టుకుని వాయిస్తున్నారు, దూరం నుంచి చూస్తే వీణేమో అనిపించింది. పాడే ఆవిడ చేతిలో చెక్కలు, ఒక్కో మాటా సాగి సాగి నడుస్తోంది, భాష ఇక్కడి వాళ్ళ మిన్‌నాన్ కాబట్టి నాకొచ్చిన కాస్త మాండరిన్ కూడా పనికిరాలేదు. ఐదు నిమిషాలు అనుకుని గంట కూర్చున్నాం.

తిండి దగ్గర నాకు కొంచెం ఇబ్బందే, నేను శాకాహారిని. ఇక్కడ ఫేమస్ అన్నీ ఆయిస్టర్ (ఆల్చిప్ప) ఆమ్లెట్, అల్లంతో వండిన బాతు, సన్న సేమియాని జావలా ఉడికించి మాంసం ముక్కలు వేసే మ్యాన్‌షియన్‌హూ. మా ఆయన అన్నీ లాగించారు. నేను వేరుశెనగ సూప్ రెండు గిన్నెలు తాగాను, తియ్యగా, పప్పు నోట్లో వేస్తే వెన్నలా విడిపోతుంది, ఫిర్యాదేమీ లేదు.

ఆదివారం పొద్దున్నే మళ్ళీ గుడికి. ఈసారి తిన్నగా మండపం వెనక్కి వెళ్ళాం. వెనక వసారాలో రెండు స్తంభాలు, మిగతా వాటిలా కాదు, నల్లగా పచ్చగా ఉన్న రాయి, పదహారు పలకలు. అక్కడ ఒక్క మనిషి లేడు! ముందు వైపు అగరొత్తుల పొగలో వందల మంది, వెనక మేమిద్దరం. స్తంభం మీద పళ్ళెం అంత గుండ్రటి చట్రాలు, ఒక్కో దాంట్లో ఒక్కో కథ. నరసింహస్వామి ఒళ్ళో హిరణ్యకశిపుణ్ణి వేసుకుని చీలుస్తున్నాడు. ఇంకోచోట గజేంద్రుడి కాలు పట్టుకున్న మొసలి. ఇంకోచోట చెట్టెక్కి గోపికల చీరలు దాచిన కృష్ణుడు, రెండు చెట్ల మధ్య రోలు ఈడ్చుకెళ్తున్న కృష్ణుడు. రాయి అరిగిపోయి ముక్కూ కళ్ళూ సరిగ్గా తెలీడం లేదు, అయినా కథ తెలిసినవాళ్ళకి ఒక్క క్షణం చాలు. నాకు గొంతులో ఏదో అడ్డం పడింది.

ఇవి ఇక్కడ చెక్కిన నాటికి ఊళ్ళో తమిళ వర్తకులు ఉండేవాళ్ళు. కుబ్లాయ్ ఖాన్ కాలంలో, 1281లో, శివుడి గుడి గురించి తమిళంలో వేయించిన శాసనం దొరికింది, చివర్లో ఒక వరస చైనీస్. తర్వాత ఆ గుళ్ళు పోయాయి, మింగ్ కాలంలో ఈ మండపాన్ని బాగుచేసేటప్పుడు పడున్న రాళ్ళలోంచి మంచి స్తంభాలు తెచ్చి ఇక్కడ నిలబెట్టారు. బుద్ధుడి వెనక కృష్ణుడు అలా వచ్చాడు.

మేము అక్కడ ఉండగానే ఒక ముసలావిడ మనవడితో వచ్చింది. మమ్మల్ని చూసి స్తంభం చూపించి ఏదో అడిగింది. ఫోన్‌లో ట్రాన్స్‌లేటర్ తీసి "ఇది మా దేవుడు, సగం సింహం సగం మనిషి, పిల్లవాడి కోసం వచ్చాడు" అని చెప్పాను. ఆవిడ రెండుసార్లు వింది, ఓ అంది, మనవడి తల పట్టుకుని స్తంభం వైపు వంచి దండం పెట్టించింది.

1974లో తవ్వి తీసిన పాత ఓడ ఇప్పుడు గుడి ఆవరణలోనే ఉంది, 24 మీటర్ల అడుగుభాగం, 13 అరలు, దాంట్లో మిరియాలూ సుగంధపు చెక్కలూ దొరికాయట. ఆ తర్వాత 1009లో కట్టిన చింగ్‌జింగ్ మసీదుకి వెళ్ళాం, పైకప్పు లేదు, గోడల మధ్య ఆకాశం. లోయాంగ్ వంతెన మిగిలిపోయింది, పునాదిరాళ్ళు కదలకుండా వాటి మీద ఆయిస్టర్లు పెంచిన వంతెన అది, వెయ్యేళ్ళ కిందటి బుర్ర, చూడకుండా ఎలా. కానీ ట్రైన్ టైమ్ అయిపోయింది.

ట్రైన్‌లో కూర్చుని నరసింహస్వామి ఫోటోలు అత్తయ్యగారికి పంపాను, రోమింగ్ సిమ్ ఉంది కాబట్టి వాట్సాప్ పనిచేసింది. స్టేషన్ దాటేలోపే జవాబొచ్చింది: "చాలా సంతోషం అమ్మా. ఆ ఫోటోలో మీ కాళ్ళకి చెప్పులున్నాయేంటి?"