రాజును అడగలేని చోట

లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ ఆబే చర్చిలోకి వెళ్లడానికి టికెట్టు ముప్పై పౌండ్ల దాకా ఉంది. మన డబ్బులో మూడు వేలు దాటుతుంది. ఆ ధరకు కడుపు మండుతూనే రాజుల సమాధుల మధ్య తోపులాటలో నడిచాను. ఒకప్పుడు సన్యాసులు సమావేశమైన అక్కడి చాప్టర్ హౌస్‌లో అడుగుపెట్టాక మాత్రం ఆ కోపం తగ్గిపోయింది.

ఎనిమిది పలకల గది. నడుమ ఒకే సన్నని స్తంభం, గోడల పొడవునా రాతి అరుగులు, కింద పదమూడో శతాబ్దపు నేల. జనం తొంగి చూసి వెళ్లిపోతున్నారు. నాకు కదలబుద్ధి కాలేదు. 1376లో ఇంగ్లండ్ పార్లమెంటులోని కామన్స్ (దిగువ సభ) సభ్యులు కూర్చుని మాట్లాడుకున్నది ఇక్కడే. అప్పటి రాజు మూడో ఎడ్వర్డ్ శక్తి ఉడిగిన ముసలివాడు. చుట్టూ చేరినవాళ్లు ఖజానాను తినేస్తున్నారు. పీటర్ డి లా మేర్ అనే నైట్ అందరి తరఫునా గొంతు విప్పాడు. ప్రభువు లాటిమర్‌నూ, లండన్ వర్తకుడు రిచర్డ్ లయన్స్‌నూ కామన్స్ పేరిట నిందితులుగా ప్రభువుల సభ ముందు నిలబెట్టారు. అభిశంసన అలా పుట్టింది. లయన్స్ చేపల పీపాలో డబ్బు దాచి యువరాజుకు లంచం పంపాడని ఆ కాలపు వృత్తాంతం చెబుతుంది. ఆ డి లా మేర్‌ను ఏడాది తిరగకముందే చెరలో వేశారు!

"మరి రాజునే అభిశంసించాలంటే?" అని అక్కడి పర్యవేక్షకురాలిని అడిగాను. పెద్దావిడ. "మా దేశంలో అది కుదరలేదు నాయనా. తల తీయవలసి వచ్చింది" అని, మొదటి చార్లెస్ రాజు తల తీసిన వైట్‌హాల్ వైపు చేయి చూపింది.

రోడ్డు దాటి, సంచుల సోదా ముగించుకుని పార్లమెంటు భవనంలోని వెస్ట్‌మినిస్టర్ హాలుకు వెళ్లాను. 1649 జనవరిలో ఆ చార్లెస్‌ను విచారణకు నిలబెట్టిన చోట మెట్ల మీద ఫలకం ఉంది. తనను విచారించే అధికారం మీకు ఎవరిచ్చారని అతడు అడిగింది ఈ కప్పు కిందే. బెంగాల్ గవర్నర్ జనరల్‌గా పనిచేసిన వారన్ హేస్టింగ్స్ మీద అభిశంసన విచారణ 1788 నుంచి 1795 దాకా సాగిందీ ఇక్కడే. కాశీ రాజును, అవధ్ బేగములను పీడించాడన్న నేరారోపణల నుంచి అతడు నిర్దోషిగా బయటపడ్డాడు. నాకు ఒళ్లు మండింది.

అయితే ఆ ఫిర్యాదు వృథా కాలేదు. విచారణ మొదలవకముందే, 1787 సెప్టెంబరులో ఫిలడెల్ఫియాలో అమెరికా రాజ్యాంగం రాస్తుండగా, అధ్యక్షుడి అభిశంసనకు దేశద్రోహం, లంచం మాత్రమే కారణాలుగా పెడితే చాలదని వర్జీనియా ప్రతినిధి జార్జ్ మేసన్ వాదించాడు. అందుకు అతడు చూపిన ఉదాహరణ హేస్టింగ్సే. రాజుకు తగలని ఆయుధం అక్కడ అధ్యక్షుడికి తగిలేలా తయారైంది. మన రాష్ట్రపతి విషయంలో 61వ అధికరణం కూడా అదే అధికారాన్ని పార్లమెంటుకు ఇచ్చింది. మన నేల మీద జరిగిన అన్యాయానికి ఆ వాదనలో చోటు దక్కిందని తెలిసినవాళ్లు ఎంతమంది? ఫిలడెల్ఫియా దగ్గర ఉంటున్న మా పెద్దమ్మ కొడుక్కి ఆ రాత్రే ఫోను చేసి, వచ్చే వేసవిలో ఆ రాజ్యాంగం రాసిన భవనం చూపించమని అడిగాను.