విశాఖ తీరంలో చిన్న మోటారు బోటుకు ఏ లంగరు?

లంగరు కొనడానికి వెళ్ళినవాళ్ళు ముందు అడిగేది "ఎన్ని కిలోలు?" అని. ఓడలకైతే అందులో అర్థముంది, వాటి గొలుసే టన్నుల్లో తూగుతుంది. 20, 22 అడుగుల ఔట్‌బోర్డ్ బోటు (ఇంజన్ వెనక బయట తగిలించినది) సంగతి వేరు. దాన్ని ఆపేది బరువు కాదు, లంగరు రెక్క సముద్రపు నేలలోకి ఎంత దిగబడిందన్నదే. ఫోర్ట్రెస్ కంపెనీ అల్యూమినియం లంగర్లలో చిన్న సైజు రెండు కిలోలు కూడా ఉండదు. అయినా ఇసుకలో సరిగ్గా దిగితే, పైపైన ఈడ్చుకుపోయే ఇరవై కిలోల ఇనుము కన్నా ఎన్నో రెట్లు గట్టిగా పడుతుంది.

ఎంత పట్టు కావాలో కూడా తెలిసుండాలి. అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ పట్టిక ప్రకారం 20 అడుగుల బోటు 15 నాట్ల (నాట్ అంటే గంటకు దాదాపు 1.85 కిలోమీటర్లు) గాలిలో లంగరు తాడును దాదాపు 40 కిలోల బలంతో లాగుతుంది. 30 నాట్లలో అదే బోటు 160 కిలోలు దాటి లాగుతుంది. గాలి రెట్టింపైతే లాగుడు నాలుగింతలు. ఏప్రిల్, మే సాయంత్రాల్లో మబ్బు పట్టి ఉన్నట్టుండి విరుచుకుపడే గాలివాన ఈ రెండో లెక్కలోకే వస్తుంది. కాబట్టి మధ్యాహ్నం గాలిని చూసి లంగరు ఎంచుకోకూడదు.

అసలు ఎంపిక మొదలవ్వాల్సింది నేల నుంచి. ఆర్కే బీచ్ నుంచి భీమిలి వైపు చాలా చోట్ల ఇసుకే. రుషికొండ, మంగమారిపేట, యారాడ దగ్గర ఇసుక మధ్యలో రాళ్ళు లేస్తాయి. గోస్తని సముద్రంలో కలిసే చోట ఒండ్రు కలుస్తుంది. అనుమానముంటే పాతకాలం ఉపాయం ఇప్పటికీ పనిచేస్తుంది. సన్న తాడుకు అరకిలో సీసం కట్టి, దాని అడుగున మెత్తబడిన సబ్బు మెత్తి దించండి. పైకి తీసి చూస్తే ఇసుక రేణువులు అంటుకునో, నల్లటి బురద పూసుకునో ఉంటుంది. ఏమీ అంటకుండా సబ్బు మీద గీతలు పడితే కింద రాయి ఉన్నట్టే.

జాలరి పడవల్లో కనిపించే నాలుగు కొమ్మల ఇనుప లంగరు రాళ్ళ కోసం పుట్టింది. ఇనుప చువ్వలు వంచి వెల్డింగ్ చేస్తారు. రాతి సందులో ఇరుక్కుంటుంది, గట్టిగా లాగితే కొమ్మ వంగి బయటపడుతుంది. రాళ్ళ మీద గాలం వేసేవారికి అంతకన్నా చవకైన సాధనం లేదు. ఇసుకలో మాత్రం అది దువ్వెనలా గీసుకుంటూ పోతుంది. మనుషులు ఎక్కే బోటుకు అదొక్కటే లంగరుగా ఉంటే చాలదు.

డాన్‌ఫోర్త్ రకానికి రెండు పలచటి రెక్కలు, మడిచి పెట్టుకోవచ్చు. ఇసుకలో దాని పట్టు అమోఘం. బలహీనత గాలి దిశ మారినప్పుడు బయటపడుతుంది. మన తీరంలో మధ్యాహ్నం సముద్రం మీంచి వీచే గాలి, రాత్రి పొద్దుపోయాక నేల మీంచి తిరగబడుతుంది. బోటు అటు నుంచి ఇటు తిరిగి లాగినప్పుడు డాన్‌ఫోర్త్ తలకిందులై ఊడి వస్తుంది. మళ్ళీ దిగబడేలోగా రెక్కల సందులో గవ్వో, గులకరాయో, తెగిన వల ముక్కో చిక్కుకుంటే రెక్క తెరుచుకోదు, ఇక అది నేల మీద జారుతూ పోవడమే. కొన్ని గంటలు ఆగి, పక్కన మనిషి ఉండగానే ఎత్తేసేవారికి డాన్‌ఫోర్త్ చాలు. రాత్రి ఉంచేవారికి నా ఓటు వేరే దానికి.

నాగలి ఆకారపు డెల్టా మధ్యేమార్గం, పంజా ఆకారపు బ్రూస్ తేలిగ్గా దిగుతుంది కానీ దాని బరువుకు తగ్గ పట్టు ఇవ్వదు. ఒక్కటే కొనాలంటే రోక్నా, మాంటస్ తరహావి తీసుకోమంటాను. పుటాకారపు రెక్క, వెనక విల్లులా వంగిన గొట్టం ఉంటాయి. ఎలా పడినా ఆ గొట్టం లంగరును పక్కకు దొర్లించి మొనను నేలకు గుచ్చుతుంది. దిశ మారితే చాలావరకు నేలలో ఉండగానే తిరుగుతుంది. 20 నుంచి 22 అడుగుల బోటుకు పది కిలోలది పెట్టుకుంటే గాలివానకూ నిశ్చింత.

కొనేముందు దాన్ని చేతుల్లోకి తీసుకుని చూడండి. వేడి జింకులో ముంచి పూత పూసిన సరుకు మసక బూడిద రంగులో, కాస్త గరుకుగా ఉంటుంది. తళతళలాడితే చాలాసార్లు అది పలచటి ఎలక్ట్రోప్లేటింగ్, ఉప్పునీటిలో త్వరగా తుప్పు పడుతుంది. కాడ (గొలుసు తగిలించే పొడవాటి కడ్డీ), రెక్క కలిసే చోట వెల్డింగ్ చుట్టూ తెంపు లేకుండా ఉండాలి. పక్క నుంచి లాగినప్పుడు భారమంతా అక్కడే పడుతుంది.

లంగరు ఎంత మంచిదైనా తాడు పైకి లాగితే ఊడిపోతుంది. అందుకే 8 మిల్లీమీటర్ల గొలుసు ఆరు మీటర్లైనా కావాలి. మీటరు దాదాపు 1.4 కిలోలు, అది కాడను నేలకు అదిమి పెడుతుంది, రాళ్ళ రాపిడి తాడుకు తగలనివ్వదు. దాని తర్వాత 12 మిల్లీమీటర్ల మూడు పేటల నైలాన్ తాడు. వలలకు వాడే పాలీప్రొపిలీన్ తాడు చవకే కానీ నీటిపై తేలుతుంది, ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటుంది, ఎండకు పొడిబారి పెళుసెక్కుతుంది. నైలాన్ మునుగుతుంది, అల వచ్చినప్పుడు సాగి కుదుపును మింగుతుంది. గొలుసుకు తాడును ముడి వేయవద్దు, ముడి దగ్గర బలం సగం దాకా పోతుంది. తాడు కన్నులో థింబుల్ (లోహపు తొడుగు) పెట్టి స్ప్లైస్ చేయించండి, అంటే పేటలు విప్పి తాడులోకే అల్లించండి. షాకిల్, అంటే గొలుసును కలిపే U ఆకారపు కొండీ, దాని పిన్ను బిగించాక తీగతో కట్టేయండి. కట్టని పిన్ను అలల ఊపుకు మెల్లగా విప్పుకుంటుంది, అప్పుడు తాడు మాత్రమే చేతికొస్తుంది.

ఎంత తాడు వదలాలన్న దగ్గర ఎక్కువమంది తప్పు చేస్తారు. లోతుకు ఏడింతలని అందరికీ తెలుసు, లోతంటే ఏమిటో మరిచిపోతారు. ఆరు మీటర్ల నీళ్ళలో ఆగారనుకోండి. పాటు మీద ఉన్న సముద్రం పోటుకు వచ్చేసరికి ఇక్కడ మరో ఒకటిన్నర మీటరు దాకా పెరగొచ్చు. అణియం, అంటే బోటు ముందుకొన, నీటికి ఒక మీటరు ఎత్తులో ఉంటుంది. మొత్తం ఎనిమిదిన్నర. ఏడింతలంటే 60 మీటర్లు. ఆరును ఏడుతో గుణించి 42 మీటర్లే వదిలితే, పోటు వేళకు అది అయిదింతలు కూడా ఉండదు. తాడుకు ప్రతి అయిదు బారలకు ఒక రంగు గుడ్డ ముడి పెట్టుకుంటే చీకట్లోనూ లెక్క తప్పదు.

వేసేటప్పుడు అణియాన్ని గాలికి ఎదురు తిప్పి బోటు ఆగాకే దించండి. విసరకూడదు, విసిరితే గొలుసు కుప్పగా లంగరు మీదే పడి రెక్కకు చుట్టుకుంటుంది. అడుగు తగిలాక వెనక్కి జరుగుతూ తాడు వదలండి. లోతుకు మూడింతలు పోయాక కాసేపు పట్టి ఆపితే మొన గుచ్చుకుంటుంది. మిగతా తాడు వదిలి, క్లీట్‌కు (తాడు చుట్టి కట్టే బోటు మీది కొమ్ముకు) కట్టి, ఇంజన్‌ను నెమ్మదిగా రివర్స్‌లో లాగనివ్వండి. అప్పుడు చెయ్యి తాడు మీద పెట్టండి. పట్టు దొరికితే తాడు బిగుసుకుని నిశ్చలంగా ఉంటుంది. జారుతుంటే వణుకు చేతికి తెలుస్తుంది, బిగుసుకోవడం, వదులవడం, మళ్ళీ బిగుసుకోవడం. ఆ వణుకు ఉంటే పైకి తీసి, రెక్క కడిగి, మళ్ళీ వేయాల్సిందే. తర్వాత డాల్ఫిన్స్ నోస్ లైట్‌హౌస్ లాంటి దూరపు గుర్తునూ, దాని ముందున్న దగ్గరి గుర్తునూ ఒకే వరసలో పెట్టి గమనించండి. పక్కకు మరో జత కూడా చూసుకోండి. పదినిమిషాల్లో వరస చెదిరి, తిరిగి కలవకపోతే లంగరు జారుతున్నట్టే. 2020 అక్టోబరులో వాయుగుండం గాలులకు లంగరు నిలవక ఎంవీ మా అనే బంగ్లాదేశ్ ఓడే కొట్టుకొచ్చి తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డెక్కింది.

వెనక నుంచి, అంటే అమరం వైపు నుంచి లంగరు ఎప్పుడూ కట్టవద్దు. అక్కడ గోడ తక్కువ, ఇంజన్ బరువు అక్కడే, రెండు అలలు వరసగా వస్తే బోటు నిండిపోతుంది. హార్బరు దారిలో, నేవీ హద్దుల్లో లంగరు వేయకూడదు.

రాళ్ళున్న చోట ముందే లంగరు వెనక భాగానికి ఒక సన్న తాడు కట్టి, దానికి తేలే డబ్బా తగిలించండి. ఇరుక్కుంటే ఆ తాడుతో వెనక్కి లాగి విడిపించొచ్చు. లంగరు అసలు తాడు రెండో కొసను బోటు లోపల కొక్కేనికి కట్టడం మాత్రం మరవకండి, కానీ అత్యవసరంలో కోయడానికి వీలుగా అక్కడే ఒక కత్తి ఉంచండి.