వెలుగులో తిప్పి చూడాలి

సియాటెల్‌కి ఉత్తరాన, ఎవరెట్ దగ్గర ఒక చిన్న వర్క్‌షాపులో నా పని. నలుగురం కలిసి ఆర్డర్ మీద ఎలక్ట్రిక్ గిటార్లు చేస్తాం. మా ఆవిడకి ఇక్కడ ఉద్యోగం వస్తే డిపెండెంట్ వీసా మీద వెంట వచ్చాను. వర్క్ పర్మిట్ వచ్చేదాకా రెండేళ్లు ఖాళీగా ఉన్నాను. ఆ కార్డు అందిన వారంలోనే మళ్లీ చెక్క ముట్టుకున్నాను. విజయనగరం దగ్గర మా ఊళ్లో మా నాన్న వడ్రంగి. ద్వారబంధాలు, తలుపులు, మంచాలు చేసేవాడు. ఉలి పట్టడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

ఇక్కడ నాకు అప్పజెప్పింది చెక్క ఎంపిక. గిటార్ బాడీ మహోగనితోనో ఆల్డర్‌తోనో చేసి, దాని మీద మేపుల్ పలక అతికిస్తాం. దాన్ని టాప్ అంటారు. కస్టమర్లు తపించిపోయేది దీని కోసమే. 1952లో గిబ్సన్ కంపెనీ లెస్ పాల్ గిటార్ వచ్చినప్పుడు పైన మేపుల్ ఉన్నా బంగారు రంగు కింద దాక్కుంది. 1958లో లోపలి చెక్క కనిపించేలా సన్‌బర్స్ట్ రంగు వేశాక, ఆ చెక్కలోని చారలు లోకానికి తెలిశాయి. ఆ మోజు ఇప్పటికీ తగ్గలేదు.

మామూలు మేపుల్ మీగడ రంగులో సాదాగా ఉంటుంది. కొన్ని చెట్లలో మాత్రం నార నిటారుగా పోకుండా అలలు అలలుగా పెరుగుతుంది. చిత్రిక పట్టి చదును చేస్తే, ఒకచోట నార పడుకుని ఉంటుంది, పక్కనే దాని కొస పైకి తేలుతుంది. వెలుగు పడగానే ఒకటి మెరుస్తుంది, రెండోది నీడలా కనిపిస్తుంది. చెక్కని కొంచెం తిప్పితే మెరుపు ఇటు నుంచి అటు జరుగుతుంది, పట్టుచీర కుచ్చిళ్లు కదిలించినట్టు. పులిచారల్లా వచ్చేదాన్ని ఫ్లేమ్ అంటారు, నీటి అడుగున ఎండ ఆడినట్టు ఉండేదాన్ని క్విల్ట్ అంటారు. దుంగని కోసే తీరు మీద కూడా ఇది ఆధారపడుతుంది. నడిమి నుంచి బెరడు వైపుకి చీల్చినట్టు కోస్తే ఫ్లేమ్ బాగా తేలుతుంది. క్విల్ట్‌కి దానికి అడ్డంగా, బెరడుకి సమాంతరంగా కోయాలి. మంచి క్విల్ట్ ఎక్కువగా ఈ వాషింగ్టన్, ఓరెగన్ అడవుల్లో పెరిగే బిగ్‌లీఫ్ మేపుల్‌లోనే దొరుకుతుంది. మా వర్క్‌షాపు వెనక కూడా ఆ చెట్లే, ఒంటినిండా నాచుతో. ఆకు అన్నం కంచమంత ఉంటుంది.

మొన్న చలికాలంలో ఒక పెద్దాయన వచ్చాడు. ఫెర్రీలో పనిచేసి రిటైరయ్యాడు. జీవితంలో ఒక్క మంచి గిటార్ చేయించుకోవాలని ఎన్నాళ్ల నుంచో అనుకుంటున్నాడట. ఆన్‌లైన్‌లో ఫొటో చూసి క్విల్ట్ టాప్ తానే కొని తెచ్చాడు. కట్ట విప్పగానే నా గుండె జారింది. మీటర్ పెడితే తేమ పదకొండు శాతం. మాకు ఆరు నుంచి ఎనిమిది లోపు ఉండాలి. మా నాన్నకైతే మీటర్ అక్కర్లేదు, చెంపకి ఆనించి పచ్చికర్ర అని చెప్పేసేవాడు. మధ్యలో పుల్లలు పేర్చి ఆరు వారాలు ఆరబెట్టాం. ఒక ముక్క దోనెలా వంగిపోయింది. అమ్మినవాళ్లు వెనక్కి తీసుకోలేదు. ఆయన ముఖం చూడలేకపోయాను.

మా దగ్గరున్న ఆరు జతల మేపుల్ పలకలు తెచ్చి కిటికీ పక్కన బల్ల మీద పరిచాను. ట్యూబ్‌లైట్ల కింద చెక్క చూడకూడదు, అన్నీ ఒకేలా కనిపిస్తాయి. మా జనవరి మబ్బు వెలుతురు పక్క నుంచి పడితే చాలు. గుడ్డతో ఆల్కహాల్ అద్ది తుడిచాను. తడి ఉన్న ఆ అరనిమిషంలో, పాలిష్ వేశాక ఎలా ఉంటుందో చెక్క చూపిస్తుంది. ఒకే పలకని మధ్యకి కోసి పుస్తకంలా తెరిస్తే కుడి ఎడమలు అద్దంలో ప్రతిబింబంలా వస్తాయి. కానీ నార వాలు కూడా తిరగబడుతుంది కదా, అందుకే ఎడమ సగం మెరిసేటప్పుడు కుడి సగం మసగ్గా ఉంటుంది. ఆయన అటు నాలుగడుగులు వేశాడు, మెరుపు రెండో సగానికి మారింది. మళ్లీ ఇటు నడిచాడు. అలా పది నిమిషాలు నడుస్తూనే ఉన్నాడు. ఫొటోలో ఈ సంగతి ఎలా తెలుస్తుంది?

ధ్వని మారుతుందా అని అడిగాడు. ఆరు మిల్లీమీటర్ల పలకలోని అలల వల్ల నాకెప్పుడూ తేడా వినపడలేదని ఉన్నమాట చెప్పాను. ఇది కంటి కోసమే. కంటి కోసమైతే తక్కువేమీ కాదు, రోజూ ఒళ్లో పెట్టుకునే వస్తువు.

అన్నిటికంటే మెరిసే క్విల్ట్ వదిలేసి, సన్నటి చారల ఫ్లేమ్ జత తీసుకున్నాడు. సరైన ఎంపిక అని నా మనసుకి కూడా అనిపించింది. ఈ చెట్టు ఎక్కడిదని కూడా అడిగాడు. ఆ ప్రశ్న ఇక్కడ ప్రతి కస్టమరూ అడగాలి. 2018లో మా రాష్ట్రంలోనే ఒలింపిక్ నేషనల్ ఫారెస్ట్ అనే ప్రభుత్వ అడవిలో మేపుల్ దొంగతనంగా నరికినచోట మంటలు లేచి 3,300 ఎకరాలు కాలాయి. మిల్లుకి అమ్మిన చెక్క, అడవిలో మిగిలిన మోళ్లు ఒకే చెట్లవని డీఎన్ఏతో చూపించి 2021లో టకోమా కోర్టులో దొంగతనం రుజువు చేశారు. మా చెక్క కోసే మిల్లాయన ఏ దుంగ ఎవరి స్థలం నుంచి వచ్చిందో కాగితం ఇస్తాడు. అది చూపించాను.

రాత్రి నాన్నకి వీడియో కాల్‌లో ఆ పలకలు చూపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఒరే, బాగుందిరా. మరి మొదలెటు, చివరెటు చూశావా?" అన్నాడు. మా ఊళ్లో ద్వారబంధం నిలబెడితే చెట్టు మొదలు కిందికే ఉండాలి. నాలుగేళ్లుగా ఈ పని చేస్తున్నాను, ఒక్కసారి కూడా చూడలేదు.

పొద్దున్నే మిల్లుకి ఫోన్ చేశాను. దుంగ మొదలు వైపు కొసకి నీలం రంగు పూస్తానన్నాడు. పలకల కొసలు వెతికితే ఒకవైపు ఆ నీలం మరక ఉంది. పెన్సిల్‌తో గిటార్ గీత గీసేటప్పుడు మొదలు కింది అంచుకి, చివర మెడ వైపుకి వచ్చేలా పెట్టి గీశాను.