నా పెదవులను తెరువుము

"ప్రభువా, నా నోరు నీ స్తుతిని ప్రచురపరచునట్లు నా పెదవులను తెరువుము." యాభై ఒకటవ కీర్తనలోని ఈ పదిహేనవ వచనంతోనే తిరుసభ తన అనుదిన ప్రార్థనను ప్రారంభిస్తుంది. గత నెల ఒక ఉదయ ప్రార్థనలో కూర్చున్నప్పుడు, ముందుండి నడిపించే వ్యక్తి ఈ వాక్యాన్ని సగం పలికేసరికే మిగతావారు తరువాతి వాక్యాన్ని అందుకున్నారు. ఎవరి పెదవులను ఎవరు తెరవాలని అడుగుతున్నామో ఆలోచించే వ్యవధి కూడా ఎవరికీ లేకపోయింది. ఆ తొందరలో నేనూ ఉన్నాను కాబట్టే ఆ రోజంతా నాకు మనసు కుదురుగా లేదు.

ఆ సాయంత్రం, హేగ్ నగరంలోని డచ్చి జాతీయ గ్రంథాలయం అందరికీ అందుబాటులో ఉంచిన పదిహేనవ శతాబ్దపు గడియల ప్రార్థన పుస్తకాల, అంటే రోజులో నియమిత వేళల్లో చెప్పుకొనే జపాల పుస్తకాల, పుటలను చూస్తూ కూర్చున్నాను. గృహస్థులూ సన్యాసినులూ చేతిలో పట్టుకొని చదువుకొన్న పుస్తకాలవి. దేవమాత గడియల ప్రార్థన మొదలయ్యే చోట సాధారణంగా ఎడమవైపు మంగళవార్త చిత్రం ఉంటుంది: గబ్రియేలు దూత, మోకరించిన మరియమ్మ, ఆమె ముందు తెరచిన ఒక పుస్తకం. కుడివైపు పుటలో మన వచనమే. డచ్చి భాషలో అది ప్రభువును పిలిచే 'హేరె' అన్న మాటతో ఆరంభమవుతుంది గనుక, ఆ మాటలోని తొలి అక్షరానికే అలంకారమంతా దక్కింది. పుటలో సగం దాకా విస్తరించిన ఆ అక్షరం బంగారంతో వెలుగుతుంటే, చుట్టూ అంచుల్లో సన్నని తీగలు, ఆకులు, పువ్వులు అల్లుకొని ఉంటాయి.

ఆ బంగారం సంగతి కొంచెం చెప్పాలి. దూడ చర్మాన్ని సున్నపు నీటిలో నానబెట్టి, గీకి, చట్రంపై బిగించి ఆరబెట్టి చేసిన పుటపైన, అక్షరం ఉండవలసిన చోట సుద్దవంటి పదార్థాన్ని జిగురుతో కలిపి మెత్తగా, ఉబ్బెత్తుగా పూస్తారు. అది ఆరిపోయాక బంగారు రేకు అంటుకోదు. అందుకని పనివాడు వంగి, పెదవులను దగ్గరగా పెట్టి, దానిపై తన వెచ్చని ఊపిరిని వదులుతాడు. ఆ తేమకు జిగురు మేలుకొంటుంది, అప్పుడు రేకు అతుక్కుంటుంది, ఆ తరువాత దానిని నున్నని రాయితోనో కుక్కపంటితోనో రుద్ది మెరిపిస్తారు. ఆది మానవుని నాసికారంధ్రములలో జీవవాయువును ఊదిన దేవుడే ఎండిన మన పెదవులపై ఊదితే తప్ప స్తుతి అనే బంగారం వాటికి అంటుకోదని, ఆ అక్షరాన్ని చూసినప్పటి నుండి నాకు అనిపిస్తూనే ఉంది.

ఈ కీర్తన దావీదు పాపం చేసిన తరువాతిది. పద్నాలుగవ వచనంలో "రక్తాపరాధము" అన్న మాట ఉంది. అపరాధం నోటిని మూసివేస్తుంది. మూసుకుపోయిన నోటితో ఆయన అడిగిన మాట ఇది. "నేను నోరు తెరచి స్తుతిస్తాను" అని ఆయన అనలేదు. స్తుతి నాది, తెరవడం నీది అన్నాడు. అంటే ప్రార్థించే శక్తి కోసం చేసే ప్రార్థనే మొదటి ప్రార్థన. పుస్తకమంతటిలో అతి పెద్ద అక్షరాన్ని ఆ కళాకారులు మన నిస్సహాయతను ఒప్పుకొనే వాక్యానికి ఇచ్చారు. కన్ను అక్కడ ఆగక తప్పదు, కన్ను ఆగితే నోరూ ఆగుతుంది.

ఆరవ శతాబ్దంలో పునీత బెనెడిక్టు మఠవాసుల కోసం రాసిన తన నియమావళిలో రాత్రి ప్రార్థన ఆరంభంలో ఈ వచనాన్ని మూడుసార్లు పలకాలని నిర్ణయించారు. నిద్రకు ముందు ప్రార్థన ముగిశాక మఠంలో ఎవరూ మాట్లాడరు. అందువల్ల ఆ చీకటిలో సన్యాసి నోటి నుండి వెలువడే తొలి మాట ఇదే అవుతుంది, రాత్రంతా మూసి ఉన్న పెదవులు ఈ మాటకే తెరుచుకుంటాయి. ఈ వచనాన్ని పలుకుతూ బొటనవేలితో పెదవులపై సిలువ గుర్తు వేసుకొనే ఆచారం నేటికీ ఉంది.

నేను చూసిన ఆ గడియల ప్రార్థనలను డచ్చి భాషలోకి తెచ్చినవాడు నేటి నెదర్లాండ్స్‌లోని డెవెంటర్ పట్టణానికి చెందిన గేర్ట్ గ్రోటె. 1340లో సంపన్న కుటుంబంలో పుట్టి, ప్యారిస్‌లో చదివి, 1374లో తన ఇంటిని భక్తురాలైన పేద స్త్రీల నివాసానికి ఇచ్చివేశాడు. గురుపట్టం తీసుకోకుండా, దానికి ముందు మెట్టయిన డీకనుగానే ఉండి, జనం మాట్లాడే భాషలో బోధించాడు, గురువుల అక్రమాలను బహిరంగంగా ఖండించాడు. 1383లో ఉట్రెక్ట్ మేత్రాసనంలో డీకనులు బోధించరాదన్న ఆజ్ఞ వెలువడడంతో ఆయన నోరు మూతపడింది. ఆ చివరి కాలంలోనే ఆయన దేవమాత గడియలను, పవిత్రాత్మ గడియలను, నిత్యజ్ఞానపు గడియలను, పశ్చాత్తాప కీర్తనలు ఏడింటిని, మృతుల కొరకైన ప్రార్థనలను తల్లిభాషలోకి మార్చాడు. పెదవులు మూయబడిన మనిషి "నా పెదవులను తెరువుము" అన్న వాక్యాన్ని తన చేత్తో తన భాషలో రాసుకొన్న ఆ ఘడియను తలచుకొంటే నాకు కన్నీళ్ళు ఆగవు. 1384 ఆగస్టు 20న ప్లేగు వ్యాధితో ఆయన మరణించాడు. ఆయన అనువాదం ఉన్న చేతిరాత పుస్తకాలు నేటికీ ఎనిమిది వందలకు పైగా మిగిలి ఉన్నాయి. ఇతర దేశాల్లో ఇటువంటి పుస్తకాలు ఎక్కువగా లాటిన్‌లోనే సాగుతుండగా, ఆ ఉత్తర ప్రాంతాల్లో లాటిన్ రాని స్త్రీ కూడా తాను ఏమి అడుగుతున్నదో తెలిసి అడిగింది.

ఉట్రెక్ట్‌లోనే సుమారు 1440లో క్లీవ్స్ కాథరీన్ అనే రాజవంశపు స్త్రీ కోసం తయారైన లాటిన్ గడియల పుస్తకంలో 157 చిత్రాలు నేటికీ నిలిచి ఉన్నాయి. అది మహాద్భుతమే. అయినా నా మనసు సామాన్యుల బొటనవేళ్ళు నలిపిన డచ్చి పుస్తకాల దగ్గరే ఉంది.

అలా వేళ్ళు మిగిల్చిన మరకల గురించి కేథరిన్ రూడీ అనే కళాచరిత్ర పండితురాలు 2010లో ఒక పరిశోధన ప్రచురించారు. పుటల నలుపును కొలిచే పరికరంతో ఇటువంటి ప్రార్థన పుస్తకాల అంచులను పరీక్షించి, ఏ ప్రార్థనను ఎక్కువగా చదివారో, దేనిని వదిలేశారో ఆమె గుర్తించారు. ప్లేగు నుండి కాపాడమని పునీత సెబాస్టియన్‌ను వేడుకొనే పుటలు బాగా నల్లబడ్డాయి. రాత్రివేళ చదవవలసిన ఒక ప్రార్థనలో మాత్రం మొదటి కొద్ది పుటలే నలిగాయి, తరువాతివి శుభ్రంగా మిగిలాయి. చదువుతూ చదువుతూ అక్కడికి చేరేసరికి నిద్ర ముంచుకొచ్చి ఉంటుందన్నది ఆమె ఊహ. ఆ శుభ్రమైన పుటల సంగతి చదివినప్పుడు నాకు భయం వేసింది. గెత్సెమనే తోటలో శిష్యులూ ఇలాగే నిద్రపోయారు కదా.

మా నాయనమ్మ జపాల పుస్తకం ఇప్పుడు నా దగ్గర ఉంది. దానిలో బంగారం లేదు, అట్ట ఊడిపోతే గోనె దారంతో కుట్టుకొంది. త్రికాల జపం ఉన్న పుట కింది మూల కొబ్బరినూనెతో, పొలం మట్టితో గోధుమరంగుకు తిరిగి, కాగితం గుడ్డలా మెత్తబడింది. ఆమెకు చదువు అంతంత మాత్రం, ఒక్కొక్క అక్షరాన్నీ కూడబలుక్కొని చదివేది. చిన్నప్పుడు నాకు విసుగు పుట్టి "తొందరగా చదువు నాయనమ్మా" అంటే, "ఆయన వింటున్నాడురా, తొందరేముంది" అనేది. అదే పుస్తకంలో పశ్చాత్తాప కీర్తనల పుటలు కూడా నలిగాయని, నేను వాటిని ఎన్నడూ తెరవలేదని ఈ మధ్యనే గమనించాను.

తెల్లవారగానే ఫోనులో దేవుని చిత్రాలు పదిమందికి పంపి ప్రార్థన అయిపోయిందనుకొనే అన్నలారా, అక్కలారా, మీతోపాటు నాకూ చెప్పుకొంటున్నాను. ప్రసంగాలు రికార్డు పెట్టుకొని వంట చేసుకోవడం తప్పని నేను అనను, కానీ అది మన పెదవులు తెరుచుకోవడం కాదు. రేపు ఉదయం ఎవరితోనూ మాట్లాడకముందు, ఫోను ముట్టుకోకముందు, బొటనవేలితో పెదవులపై సిలువ గుర్తు వేసుకోండి. ఈ ఒక్క వచనాన్ని బెనెడిక్టు మఠవాసుల వలె మూడుసార్లు, ప్రతిసారీ ఊపిరి తీసుకొని నెమ్మదిగా పలకండి. మూడవసారి పలికాక కాసేపు ఊరుకోండి. ఆయన తెరవాలి గదా. ఆ తరువాత మీ జపాల పుస్తకంలో శుభ్రంగా మిగిలిపోయిన పుటను వెతికి, అక్కడి నుండి మొదలుపెట్టండి.