హైదరాబాద్ నుంచి విశాఖకు: మా ఇంటి లెక్క ఎలా తేలిందంటే

పోయిన ఏడాది మా ఆయనకు విశాఖ బ్రాంచికి మారే అవకాశం వచ్చింది. కాకపోతే చేతికొచ్చే జీతం నెలకు 9,000 తగ్గుతుంది. అప్పటికి పదకొండేళ్లుగా హైదరాబాద్ మియాపూర్‌లో ఉంటున్నాం. పాప ఐదో తరగతి, అత్తయ్యగారు మాతోనే ఉంటారు. ఎవరిని అడిగినా "వైజాగ్‌లో అన్నీ చవకే కదా" అన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని సామాను సర్దలేను. అందుకే మూడు నెలలు ప్రతి ఖర్చూ పుస్తకంలో రాశాను.

మియాపూర్‌లో అద్దె 24,000, మెయింటెనెన్స్ 3,500, పెట్రోలు 6,000. వేసవిలో నీళ్ల ట్యాంకర్ల వంతు వేరే. మెట్రో ఉంది కదా అంటారు. కానీ మియాపూర్ నుంచి ఆయన ఆఫీసున్న రాయదుర్గం వెళ్లాలంటే అమీర్‌పేట దాకా పోయి, అక్కడ రైలు మారి, మళ్లీ ఇటువైపే రావాలి. ఆయన బండి మీదే వెళ్లేవారు. పొద్దున ఎనిమిదింటికి వెళ్లిన మనిషి ఇల్లు చేరేసరికి పాప నిద్రపోయేది.

దసరా సెలవుల్లో వారం రోజులు విశాఖలో ఉండి ఇళ్లు చూశాం. లాసన్స్ బే కాలనీలో మొదటి ఇల్లే నచ్చేసింది, బాల్కనీలోంచి సముద్రం కనిపిస్తోంది. ఆయన గ్రిల్ మీద చెయ్యి వేసి తీశారు. అరచేతి నిండా ఎర్రటి తుప్పు పొడి. ఇంటావిడ ఏమీ దాచలేదు. "ఉప్పుగాలి కదమ్మా, ఏటా పెయింటు వెయ్యాల్సిందే. ఏసీలు, ఫ్రిజ్‌లు కూడా తొందరగా పాడవుతాయి" అంది. అంత ఉన్నదున్నట్టు చెప్పినందుకు ఆవిడకు ఎన్నిసార్లు థ్యాంక్స్ చెప్పినా తక్కువే. చివరికి సముద్రానికి కాస్త ఎడంగా, సీతమ్మధారలో 16,000కు ఇల్లు కుదిరింది.

అద్దెలో 8,000, మెయింటెనెన్స్‌లో 2,000, పెట్రోలులో 4,000 మిగులుతాయని తేలింది. స్కూలు ఫీజులో తేడా లేదు. కూరగాయలూ అంతే, రైతుబజారుకు వెళ్తే కొంచెం నయం. కరెంటు బిల్లు మాత్రం పెరుగుతుంది. విశాఖ ఉక్కపోతకు రాత్రంతా ఏసీ ఉండాల్సిందే. ఇంకోటి, అత్తయ్యగారి గుండె ఆపరేషన్ హైదరాబాద్‌లో జరిగింది. ఆ డాక్టరుగారిని మార్చడం ఆవిడకు ఇష్టం లేదు, నాకూ లేదు. నాలుగు నెలలకోసారి ఇద్దరం వెళ్లి రావాలి. కరెంటుకు 1,500, ఈ ప్రయాణాలకు నెలకు 1,500 చొప్పున వేసుకుని, తగ్గే జీతం తీసేస్తే మిగిలింది 2,000.

ఆ రెండు వేల కోసమైతే కదిలేవాళ్లం కాదు. పుస్తకంలో చివరి పేజీలో ఆయన ఇంటికొచ్చిన టైములు రాసి పెట్టాను. 8.50, 9.15, 9.40. సీతమ్మధార నుంచి కొత్త ఆఫీసుకు ఇరవై నిమిషాలు. ఆ పేజీ చూశాక ఆయనే "వెళ్దాం" అన్నారు.

టీసీ, గ్యాస్ బదిలీ, ఆధార్‌లో అడ్రస్ పెద్ద ఇబ్బంది లేకుండానే అయ్యాయి. జూన్‌లో వచ్చేశాం. ఇప్పుడు సాయంత్రం ఆరున్నరకు ఆయన ఇంట్లో ఉంటున్నారు, పాపకు లెక్కలు ఆయనే చెప్తున్నారు. అత్తయ్యగారికి మాత్రం మియాపూర్ గుడి స్నేహితుల మీద బెంగ తీరలేదు. వచ్చే నెల చెకప్‌కు గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో టికెట్లు తీశాను. ఈసారి తిరుగు ప్రయాణం రెండు రోజులు ఆలస్యంగా పెట్టాను, వాళ్లందరినీ కలిసి వస్తారని.