ఊడబీకిన స్టారు

రాత్రి పదకొండున్నర దాటింది. మా చిన్నవాడికి ఏడీహెచ్‌డీ, అంటే వయసుకు మించిన నిలకడలేనితనం, ఏకాగ్రత లోపం. అలాంటి పిల్లల తల్లిదండ్రులకు శిక్షణ ఇచ్చే రేపటి శనివారం క్లాసుకు నింపి తీసుకెళ్లవలసిన కాగితాన్ని ముందు పెట్టుకుని కూర్చున్నాను కానీ, కళ్లు మాటిమాటికీ ఫ్రిజ్ పక్కన గోడకున్న చార్టు మీదికే పోతున్నాయి. అందులో శుక్రవారం గడి ఖాళీగా ఉంది. సాయంత్రం ఆ గడిలో ఒక ఎర్ర స్టారు ఉండేది. బడి నుంచి రాగానే, ఒక్కసారి చెప్పినందుకే బూట్లు విప్పి స్టాండులో పెట్టి చిన్నవాడు సంపాదించుకున్న స్టారు అది. భోజనం మధ్యలో మూడోసారి లేచి పరుగెత్తబోయి పెరుగు గిన్నెకు కాలు తగిలించాడని, మావారు వెళ్లి గోటితో దాన్ని ఊడబీకేశారు.

వాడు ఏడవలేదు. గుమ్మం వైపు చూసి, "బూట్లు ఇంకా స్టాండులోనే ఉన్నాయి కదా నాన్నా" అన్నాడు. దానికి మా ఇద్దరిలో ఎవరి దగ్గరా జవాబు లేకపోయింది.

జరిగిన అయిదు క్లాసుల్లో ఈయన వచ్చింది మొదటి దానికి మాత్రమే. చార్టు మొదలుపెట్టిన కొత్తలో, ఇచ్చిన స్టారును వేరే తప్పు కోసం వెనక్కి తీసుకోవద్దని క్లాసు చెప్పే మేడమ్‌గారు మరీ మరీ చెప్పారు. పెరుగు ఒలికిస్తే గుడ్డ చేతికిచ్చి తుడిపించాలి, ఉపన్యాసం ఇవ్వకూడదు, అంతే. ఇవన్నీ ఇంటికొచ్చి ఒప్పజెబితే ఈయన ఫోన్ చూస్తూ "ఊఁ" కొడతారు. ఆ పైన, "మాత్ర వేస్తున్నాం కదా, ఇక మనకెందుకు ట్రైనింగు?" అంటారు. పొద్దున వేసిన మాత్ర ప్రభావం సాయంత్రానికి దిగిపోతుంది. బడిలో టీచరు చూసే పిల్లవాడు వేరు, రాత్రి కంచం ముందు నాకు మిగిలే పిల్లవాడు వేరు.

ఈయన మాట పూర్తిగా తప్పని మాత్రం అనలేను. అమెరికాలో 579 మంది ఏడీహెచ్‌డీ పిల్లలను పద్నాలుగు నెలలు గమనించి 1999లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో, నిలకడలేనితనాన్నీ ఏకాగ్రత లోపాన్నీ తగ్గించడంలో ప్రవర్తన శిక్షణ ఒక్కటే ఇచ్చిన దానికన్నా, జాగ్రత్తగా చూసుకుంటూ ఇచ్చిన మందే బాగా పనిచేసింది. అయితే రెండూ కలిపి అందుకున్న పిల్లలకు మందు మోతాదు కొంత తక్కువే సరిపోయింది. ఆరేళ్లు నిండని పిల్లలకైతే అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం 2019 మార్గదర్శకాల్లో మందుకన్నా ముందు తల్లిదండ్రులకు శిక్షణే చెప్పింది. మావాడికి ఏడు నిండాయి కాబట్టి మాకు రెండూ రాశారు.

మూడో క్లాసులో మేడమ్‌గారు, ఇలాంటి పిల్లలకు వచ్చే నెలలో ఇస్తామన్న బహుమతి లేనట్టే లెక్క, మెచ్చుకోలైనా స్టారైనా పని జరిగిన ఆ నిమిషంలోనే అందాలి అన్నప్పుడు, నేను నోట్సు రాసుకోవడం ఆపేశాను. మా తమ్ముడి సైకిలు గుర్తొచ్చింది. వాడు నాలుగో తరగతిలో ఉండగా, ఏడాది పరీక్షల్లో మొదటి పదిమందిలో నిలిస్తే సైకిలు కొంటానని నాన్నగారు జూన్‌లో మాట ఇచ్చారు. ఒక వారమంతా వాడు ప్రతి నోటుబుక్కు అట్ట మీదా సైకిలు బొమ్మ వేశాడు, వరండాలో నోటితోనే బెల్లు మోగిస్తూ తిరిగాడు. వినాయక చవితి నాటికి ఆ ఊసే లేదు. పుస్తకం మరిచిపోయాడని, పక్కవాడిని గిల్లాడని వారానికి రెండుసార్లు గోడకుర్చీ వేసి కాళ్లు ఈడ్చుకుంటూ ఇంటికొచ్చేవాడు. "సైకిలు మీద కూడా ఆశ లేని మొద్దు వెధవ" అనేవారు నాన్నగారు. వాడికి ఆశ లేదనే నేనూ మొన్న మొన్నటిదాకా నమ్మాను. పది నెలల దూరంలో నిలబెట్టిన సైకిలు వాడి కంటికి ఆనదని మాకెవరికీ తెలియదు.

ఈయన మీద మరో పేజీ రాయాలనే కూర్చున్నాను. కానీ ఆ మొదటి క్లాసులో గంటన్నర కూర్చోలేక ఈయన నాలుగుసార్లు బయటికి వెళ్లొచ్చారని, కూర్చున్నంతసేపూ మోకాలు ఊపుతుంటే నా కుర్చీ కూడా కదిలిందని రాస్తుంటేనే గుర్తొస్తోంది. "వీడి వయసులో మీ ఆయన్ని స్తంభానికి కట్టేసి అన్నం పెట్టేదాన్నమ్మా" అని అత్తయ్యగారు ఇప్పటికీ నవ్వుతూ చెబుతారు. ఇది కుటుంబాల్లో నడిచే లక్షణమని డాక్టరుగారు చెప్పినప్పుడు నేను తమ్ముణ్ని మాత్రమే తలచుకున్నాను, పక్క కుర్చీలోకి చూడలేదు. ఏమైనా స్టారు పీకడం తప్పే. ఆ సంగతి రేపు చెబుతాను, వాడి ముందు కాదు.

నా లెక్క మాత్రం ఏమంత గొప్పగా ఉంది? ఒక గంటలో ఎన్నిసార్లు ఆజ్ఞాపించాను, ఎన్నిసార్లు మెచ్చుకున్నాను అని గీతలు పెట్టమన్నారు. ఆజ్ఞలు 34, మెచ్చుకోళ్లు 3. అందులో ఒకటి అత్తయ్యగారి బీరకాయ పచ్చడికి.

మంచినీళ్లకని లేస్తే, ఫ్రిజ్ తలుపు మీద, ఒక మూల వంగిపోయి, ఆ ఎర్ర స్టారే కనిపించింది. పారేయడానికి ఈయనకు చేతులు రానట్టుంది. తీసి గడిలో అంటిస్తే జిగురు పోయి నిలవలేదు. గిన్నెలో మిగిలిన అన్నం మెతుకు ఒకటి నలిపి అంటించాను, కొంచెం వంకరగా నిలిచింది. కాగితంలో పచ్చడిని కొట్టేసి, మెచ్చుకోళ్ల గడిలో 2 అని రాశాను.